కథకి కావలసిన నిజాలు నెట్‌లో వెతకడం ఎలా: 1977 దివిసీమ కథ ఒకటి పట్టుకుని మొదలుపెడదాం

చాలా ఏళ్ళ క్రితం నేను రాసిన ఒక కథలో, 1954లో, ఒక పిల్లాడు పది పైసలిచ్చి పిప్పరమెంట్లు కొనుక్కుంటాడు. కథ చదివిన ఒక పెద్దాయన ఫోన్ చేసి చాలా మర్యాదగా అడిగారు, "పిల్లాడు బాగున్నాడమ్మా, కానీ వాడికి ఆ పది పైసల బిళ్ళ ఎవరిచ్చారు?" అని. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. దానికి ముందు రూపాయికి పదహారు అణాలు, అణాకి నాలుగు కానులు. కొట్టు దగ్గర అడిగేది అణా, బేడ, పావలా అని. ఆ కథలో నేను కష్టపడి రాసుకున్న తల్లీకొడుకుల సీను గురించి ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆయన తప్పు కాదు, ఆ బిళ్ళ దగ్గరే ఆయన కథలోంచి బయటికొచ్చేశారు.

అప్పట్నుంచి నేను వెతకడం నేర్చుకున్నాను. "రచయితలకి ఉపయోగపడే వంద వెబ్‌సైట్లు" లాంటి జాబితాలు బోలెడు దాచుకున్నాను కూడా, ఒక్కటీ పనికిరాలేదు. ఎందుకంటే అవి ఎవరి కథ కోసమో చేసిన జాబితాలు. మన కథకి కావలసింది రచయితల కోసం పెట్టిన సైట్లలో దాదాపు ఉండదు, ఎవరో గుమాస్తా ఎవరో ఆఫీసరు కోసం నింపిన పట్టికల్లో ఉంటుంది. అది ఎలా తవ్వాలో ఒక కథని పట్టుకుని చెబుతాను. 1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన రోజు, నాగాయలంక వైపు ఒక చిన్న ఊళ్ళో ఒక ఇల్లు. మీ కథ వేరే అయినా దారి ఇదే.

ముందు సీను రాసేయండి, ఖాళీలతో

అన్నీ తెలుసుకున్నాక రాద్దాం అనుకుంటే ఆ కథ రాయరు. నా మాట నమ్మండి, నా దగ్గర అలాంటి ఫోల్డర్లు నాలుగున్నాయి. తెలియనిచోట బ్రాకెట్ పెట్టి ముందుకి పొండి. ఇలాగ:

"చీకటి పడకముందే [ఎన్నింటికి?] ఆమె [ఏ దీపం? కరెంటు ఉందా?] వెలిగించింది. రేడియోలో [ఉంటే ఎవరింట్లో?] తుఫాను అన్నారని మునసబుగారి పాలేరు [అప్పటికి మునసబులు ఉన్నారా?] చెప్పి వెళ్ళాడు. రేపల్లెలో ఉన్న తమ్ముడు [ఏటి అవతల నుంచి ఎలా వస్తాడు?] ఇంకా రాలేదు."

మూడు వాక్యాలకి అయిదు ఖాళీలు. ఇప్పుడు వీటిని చూసి మీరే తేల్చుకోండి, ఏది తప్పైతే కథ కూలిపోతుంది, ఏది తప్పైతే ఒకరిద్దరు నవ్వుకుంటారు, ఏది అసలు అక్కర్లేదు అని. తమ్ముడు ఏరు ఎలా దాటాడన్నది మొదటి రకం. అతను రాలేకపోవడం మీదే కథ నడుస్తోంది కదా. దీపం రెండో రకం. ఆ రేడియో ఏ కంపెనీదన్నది మూడో రకం, వదిలేయండి. మొదటి రకం ప్రశ్నలకి రోజులు పెట్టండి, రెండోదానికి గంట.

ఆ ఏడాది అస్థిపంజరం

వికీపీడియాతో మొదలుపెట్టడం తప్పేమీ కాదు, అక్కడే ఆగిపోవడం తప్పు. ఇంగ్లీషు వికీపీడియాలో ఆ తుఫాను పేజీ చదవండి, కింద ఇచ్చిన ఆధారాల లింకులు తెరవండి, మనకి కావలసింది అసలు వాటిలో ఉంటుంది. తెలుగు వికీపీడియాలో రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక పేజీ ఉంది. చాలావాటిలో 2011 జనాభా లెక్కలే ఉన్నా, కొన్నింటిలో ఆ ఊరివాళ్ళెవరో ఓపిగ్గా గుడులూ, చెరువులూ, వీధుల పేర్లూ రాసి పెట్టారు.

ఇవి చదువుతూ ఒక కాగితం మీద ఆ ఏడాదికి ఏముంది, ఏం లేదు అని రెండు వరసలు రాసుకోండి. "ఏం లేదు" అన్న వరసే ఎక్కువ కాపాడుతుంది. 1977కి నా కాగితం ఇలా ఉంది: ఎమర్జెన్సీ మార్చిలో ఎత్తేశారు, ఢిల్లీలో మొరార్జీ దేశాయ్, ఇక్కడ ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. మండలాలు లేవు, అవి వచ్చింది 1985లో, కాబట్టి ఎవరూ "మండలాఫీసుకి" వెళ్ళకూడదు, తాలూకా ఆఫీసుకో సమితి ఆఫీసుకో వెళ్ళాలి. మునసబులూ కరణాలూ ఉన్నారు, ఆ ఉద్యోగాలు తీసేసింది 1984 జనవరిలో. కాబట్టి మన పాలేరు బతికిపోయాడు. ఉత్తరం మీద పిన్‌కోడ్ రాయొచ్చు, 1972 నుంచి ఉంది. విజయవాడ రేడియో స్టేషన్ 1948 నుంచి ఉంది. హైదరాబాదులో దూరదర్శన్ ఆ ఏడాదే మొదలైంది కానీ ఆ ఊరికి దానితో పనిలేదు. టెలిగ్రాం ఉంది, అది పోయింది 2013లో.

ఇందులో చాలావాటి తేదీలు మనకి తెలుసనే అనుకుంటాం. మండలాలు ఎప్పుడూ ఉన్నట్టే అనిపిస్తుంది, అలా అనిపించేవే ముంచుతాయి.

సెన్సస్ పుస్తకాలు: బంగారం అక్కడుంది

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

జనాభా లెక్కలంటే తలకాయల లెక్క అనుకుంటాం. సెన్సస్ ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో పాత ప్రచురణలన్నీ స్కాన్ చేసి పెడుతున్నారు, ఉచితం. వాటిలో డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్ అని జిల్లాకొకటి ఉంటుంది. 1971ది, కృష్ణా జిల్లాది తీయండి. లోపల విలేజ్ డైరెక్టరీ అన్న భాగంలో తాలూకాల వారీగా ఊళ్ళ పేర్లు వరసగా ఉంటాయి, పక్కన గడుల్లో బడి, ఆసుపత్రి, కరెంటు, తాగేనీళ్ళు బావివా చెరువువా కాలవవా, పోస్టాఫీసు, రోడ్డు మట్టిదా పక్కాదా, జనం ముఖ్యంగా తినేది ఏమిటి, ఇవన్నీ. గడుల్లో పొడి అక్షరాలు మాత్రమే ఉంటాయి, వాటి అర్థం పుస్తకం మొదట్లో ఇస్తారు, ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పక్కన పెట్టుకోండి, లేకపోతే మాటిమాటికీ వెనక్కి తిప్పుతూ విసిగిపోతారు. మన సీనులో కరెంటు దీపమా కిరోసిన్ దీపమా అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే. 1971కీ 1977కీ మధ్య ఆరేళ్ళుంది కాబట్టి 1981 పుస్తకం కూడా చూడండి. రెండింటిలోనూ కరెంటు లేకపోతే మీకు సందేహం లేదు. మొదటిదాంట్లో లేక రెండోదాంట్లో ఉంటే మీ ఇష్టం, ఊళ్ళో ఉన్నా ఆ ఇంట్లో లేదని రాయొచ్చు.

ఇంకా గొప్పవి 1961వి. ఆ సెన్సస్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని ఊళ్ళని ఎంచుకుని ఒక్కోదాని మీద ఒక్కో పుస్తకం వేశారు, విలేజ్ సర్వే మోనోగ్రాఫ్‌లు అంటారు. వాటిలో ఇళ్ళ గోడలు దేనితో కట్టారు, పైకప్పు తాటాకా పెంకా, ఆడవాళ్ళు పెట్టుకునే నగలు ఏమిటి, పెళ్ళికి ఎంత ఖర్చయింది, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి అప్పు తెచ్చారు, పురుడొస్తే ఎవరు వస్తారు, చచ్చిపోతే ఏం చేస్తారు, అన్నీ ఉంటాయి. ఇల్లు ఎలా కట్టారో నమూనా గీసిన బొమ్మలు కూడా. మీ ఊరి పుస్తకం ఉండకపోవచ్చు. కంగారు పడకుండా అలాంటి నేల, అలాంటి పని ఉన్న ఊరిది తీయండి. తీరప్రాంతపు బెస్తల ఊరికి ఇంకో తీరపు ఊరు పనికొస్తుంది, మెట్ట ఊరు పనికిరాదు. అదే 1961 సెన్సస్‌లో జాతరలు, పండగల మీద వేరే సంపుటాలున్నాయి, ఏ ఊళ్ళో ఏ తిథికి ఏ దేవుడి తిరునాళ్ళ, ఎన్ని రోజులు, ఎంత దూరం నుంచి వస్తారు అని.

ఇంకా వెనక్కి పోవాలంటే బ్రిటిష్ వాళ్ళ మాన్యువల్స్, గెజెటీర్లు, అంటే జిల్లాల వివరాలు రాసిన పుస్తకాలు. గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ 1883ది, హెమింగ్‌వే రాసిన గోదావరి గెజెటీర్ 1907ది, ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం గెజెటీర్ కూడా అదే ఏడాది. ఇవి పాత పుస్తకాల స్కాన్‌లు దాచే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ సైటులో దొరుకుతాయి. థర్‌స్టన్ 1909లో వేసిన కులాల, తెగల ఏడు సంపుటాలు కూడా అక్కడే ఉన్నాయి, ఆచారాల వివరాలకి అందరూ దాని మీదే పడతారు, నేనూ పడ్డాను, కానీ ఒకటి గుర్తుంచుకోండి. అది పై నుంచి చూసిన దొర చూపు. మనుషుల ముక్కులు కొలిచి కులాలు తేల్చిన కాలం. కర్మకాండ వివరం తీసుకోండి, "ఈ కులంవాళ్ళు ఇలాంటివాళ్ళు" అన్న తీర్పు వాక్యాన్ని మాత్రం మీ కథలోకి రానివ్వకండి, అది వేరే వేషంలో మీ కథకుడి నోట్లోంచి వచ్చేస్తుంది.

ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో తెలుగు పుస్తకం దొరకబట్టడం

అక్కడ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి చేరిన తెలుగు స్కాన్‌లు లెక్కలేనన్ని ఉన్నాయి. చిక్కల్లా పేర్లతోనే. చాలావాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, అది కూడా మనం ఎవరం రాయని పద్ధతిలో ఉంటాయి, సున్నా ఉన్నచోట 'ఎన్' పెట్టి దాని పక్కన ఒక కొమ్ము, దీర్ఘానికి రెండు 'ఏ'లు. తెలుగులో పేరు కొడితే రాలేదని పుస్తకం లేదనుకోకండి. మూడు నాలుగు రకాలుగా కొట్టి చూడండి, రచయిత ఇంటిపేరుతో కొట్టండి, భాష తెలుగు అని, సంవత్సరం ఇంత నుంచి ఇంత అని పక్కన వడపోత పెట్టుకోండి. దొరికాక పేజీ అంతా చదివే ఓపిక లేకపోతే ఆ పేజీని బొమ్మగా గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి, తెలుగు అచ్చుని అక్షరాలుగా మార్చి ఇస్తుంది. నూటికి నూరు సరిగ్గా రాదు, వత్తులు అటూ ఇటూ అవుతాయి, కానీ వెతుక్కోడానికి చాలు.

తెలుగు వికీసోర్స్ ఇంకో మంచి చోటు, అక్కడ మనుషులు దిద్దిన పాఠం ఉంటుంది కాబట్టి మాట కొడితే దొరుకుతుంది. సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర లాంటిది అక్కడ చదువుతుంటే, పాత కాలంలో ఏం తిన్నారు, ఏ ఆటలు ఆడారు అన్న ప్రశ్నలకి కావ్యాల్లోంచి ఆయన ఏరిన ఉదాహరణలు వరసగా దొరుకుతాయి. చారిత్రక నవల రాసేవాళ్ళు నేరుగా అక్కడికే వెళ్ళండి.

మ్యాపు, కానీ ఇవాళ్టిది కాదు

గూగుల్ మ్యాప్స్ తెరిస్తే రేపల్లె వైపు నుంచి పెనుమూడి దగ్గర వంతెనెక్కి పులిగడ్డలో దిగి అవనిగడ్డ వచ్చేయొచ్చు. హాయిగా ఉంటుంది. 1977లో ఆ వంతెన లేదు, 2000 తర్వాత వచ్చింది. కాబట్టి మన కథలో తమ్ముడు కృష్ణ దాటాలంటే పడవెక్కాలి, గాలి ఎక్కువైతే పడవ కట్టేస్తారు, ఇక రాలేడు. చూశారా, కథ మలుపు మ్యాపులో లేని గీత వల్ల వచ్చింది.

పాత మ్యాపులకి నేను వాడేది టెక్సాస్ విశ్వవిద్యాలయం పెర్రీ-కాస్టనీడా లైబ్రరీ సైటు. అమెరికా సైన్యం వాళ్ళు 1950ల్లో వేసిన ఇండియా, పాకిస్తాన్ మ్యాపులు, యు 502 అనే వరస, సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్ల లెక్కన, అక్కడ ఉచితంగా దొరుకుతాయి. బండిబాటలు, రైలు గేజీలు, కాలవలు, చిత్తడినేలలు ఉంటాయి, ఊళ్ళ పేర్ల స్పెల్లింగులు మాత్రం విచిత్రంగా ఉంటాయి. ఇప్పటి నేల కోసం సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాపుల పోర్టల్‌లో 1:50,000 షీట్లు దించుకోవచ్చు, లాగిన్ అడుగుతుంది. గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి తీరం ఎలా కదిలిందో, పొలాలు రొయ్యల చెరువులుగా ఎలా మారాయో చూడొచ్చు. ఇది ఒకసారి తప్పకుండా చూడండి, ఎందుకంటే ఇవాళ మీరు అటు వెళ్ళి చూసొచ్చిన నీళ్ళ చెరువులన్నీ తీసుకెళ్ళి 1977లో పెట్టేస్తే కష్టం.

రైలు సంగతులకి ఐఆర్‌ఎఫ్‌సీఏ అన్న రైలు అభిమానుల సైటు ఉంది. ఏ లైను ఎప్పుడు మీటర్ గేజీ నుంచి బ్రాడ్ గేజీ అయింది, ఏ ఇంజను ఎప్పటిదాకా నడిచింది, అన్నీ పిచ్చి ప్రేమతో రాసి పెట్టారు. గుంటూరు నుంచి గుంతకల్లు దాకా పాత రోజుల్లో మీటర్ గేజీ, బొగ్గు నుసి కళ్ళలో పడేది, బండి మారాల్సి వచ్చేది అన్న ఒక్క వాక్యం మీ కథలో ఒక పేజీ పని చేస్తుంది.

వాన, చీకటి, చంద్రుడు

కథల్లో చంద్రుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చేస్తాడు. అమావాస్య నాడు కూడా. టైమ్ అండ్ డేట్ సైటులో ఊరి పేరు, తేదీ ఇస్తే సూర్యోదయం, అస్తమయం, చంద్రుడు ఎంత ఉన్నాడు అన్నీ చెబుతుంది. దృక్ పంచాంగం సైటులో పాత తేదీకి తిథి, వారం, నక్షత్రం చూడొచ్చు. ఆకాశం మొత్తం కావాలంటే స్టెల్లేరియం అన్న ఉచిత సాఫ్ట్‌వేర్, తేదీ వెనక్కి తిప్పితే ఆ రాత్రి ఏ నక్షత్రం ఎక్కడుందో గీసి చూపిస్తుంది.

మన రోజుకి చూద్దాం. 1977 నవంబర్ 19 శనివారం. అవనిగడ్డలో సాయంత్రం ఐదున్నర ప్రాంతానికే సూర్యాస్తమయం. దీపావళి అమావాస్య వెళ్ళి వారం దాటింది, సగానికి పైగా చంద్రుడు, అర్ధరాత్రి దాటాక గాని అస్తమించడు. అయితే తుఫాను మబ్బు కదా, కనబడడు. మరి ఇదంతా ఎందుకు చూసినట్టు? తుఫాను ముందు నాలుగైదు రాత్రుల సీన్లకి. మబ్బు పట్టకముందు పిల్లలు వాకిట్లో ఆడుకుంటున్నప్పుడు సన్నటి కార్తీక నెలవంక ఉందని మీకు తెలుసు, పైగా కార్తీకమాసం కాబట్టి తెల్లవారుజామున స్నానాలూ దీపాలూ ఉంటాయి. చంద్రుడి కోసం వెళితే పండగ దొరికింది.

తుఫాను దారికి వాతావరణ శాఖ వాళ్ళ సైక్లోన్ ఇ-అట్లాస్ ఉంది, 1891 నుంచి బంగాళాఖాతంలో వచ్చిన ప్రతి తుఫాను ఏ రోజు ఎక్కడుందో గీసి చూపిస్తుంది. అదే శాఖ పత్రిక 'మౌసమ్' పాత సంచికలు ఉచితంగా ఉన్నాయి, కాస్త లెక్కల భాషలో ఉంటాయి కానీ గాలి ఎటు నుంచి ఎటు తిరిగింది అన్నది వాటిలో తెలుస్తుంది. సుమారు అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చింది, అధికారిక లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు అని అందరికీ తెలిసిన సంఖ్యలు కథకి పెద్దగా పనికిరావు. గాలి మొదట ఎటు నుంచి కొట్టింది, తాటాకు కప్పు ఏ వైపు నుంచి లేచింది అన్నది పనికొస్తుంది.

ఆనాటి కాగితం

గూగుల్ న్యూస్ ఆర్కైవ్‌లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పాత సంచికల స్కాన్‌లున్నాయి. మాటతో వెతకడానికి ప్రయత్నించకండి, తేదీ పట్టుకుని ఒక్కో సంచిక తెరవండి. చదివే పద్ధతి కూడా చెబుతాను. తుఫాను వార్త నవంబర్ 21 తర్వాత పేపర్లలో ఉంటుంది, దాన్ని అందరూ చదువుతారు, మీరు నవంబర్ 17, 18 పేపర్లు చదవండి. ఏం జరగబోతోందో తెలియని రోజున జనం ఏం మాట్లాడుకున్నారో, సినిమా హాళ్ళలో ఏం ఆడుతోందో, బంగారం తులం ఎంతో, ఎవరు ఎక్కడ క్రికెట్ ఆడుతున్నారో అక్కడుంటుంది. కథలో మనుషులకి రేపు తెలియదు కదా.

తెలుగు పత్రికల్ని పాత ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ చాలా ఏళ్ళ కిందట స్కాన్ చేయించింది. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, భారతి మాసపత్రిక లాంటివి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కూడా వెతకండి. చందమామ పాత సంచికల్లో కథల కంటే ప్రకటనలు చూడండి, టానిక్కులు, సబ్బులు, బిస్కెట్లు, ఆ బొమ్మల్లో పిల్లల బట్టలు, జడలు.

పార్లమెంటు చర్చలు ఎవరూ చూడరు. లోక్‌సభ చర్చలు 1952 నుంచీ పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. ఉప్పెన మీద 1977 శీతాకాల సమావేశాల్లో సభ్యులు అడిగిన ప్రశ్నలు, మంత్రుల జవాబులు తీసి చదివితే ఏ సాయం ఎప్పుడు చేరింది, ఎవరు ఎవర్ని నిందించారు అన్నది ఆనాటి మాటల్లోనే దొరుకుతుంది. రిలీఫ్ క్యాంపు సీను రాసేముందు ఒక సాయంత్రం దీనికి పెట్టండి.

మాట సరైనదేనా

ఇది తెలుగులో రాసేవాళ్ళ సొంత సమస్య. నిజాలన్నీ ఇంగ్లీషులో దొరుకుతాయి, రాయాల్సింది తెలుగులో. 'మాంగ్రోవ్' అని చదివి 'మాంగ్రోవ్' అనే రాసేస్తాం, అక్కడివాళ్ళు మడ అడవి అంటారు. టైడ్ అంటే పోటూ పాటూ. ఏరు సముద్రంలో కలిసేచోటు మొగ. కరకట్ట, లంక, చుట్టిల్లు, ఈ మాటలు పడితేనే ఊరు నిలబడుతుంది.

ఆంధ్రభారతి సైటులో నిఘంటుశోధన అని ఉంది, నా బ్రౌజర్లో ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఒక్క మాట కొడితే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర, బ్రౌన్, శంకరనారాయణ ఇంకా చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతికి ఇస్తుంది. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ దక్షిణాసియా నిఘంటువుల సైటులో బ్రౌన్ నిఘంటువు 1903 కూర్పు, గ్విన్ 1991 నిఘంటువు విడివిడిగా ఉన్నాయి. అక్కడ ఒక కిటుకుంది, ఇంగ్లీషు అర్థంలో కూడా వెతకొచ్చు. 'బోట్' అన్న ఇంగ్లీషు మాట కొట్టండి, బ్రౌన్ తన కాలంలో విన్న పడవల మాటలన్నీ బయటపడతాయి. అయితే బ్రౌన్ నిఘంటువు మొదట వచ్చింది 1852లో, అందులో దొరికిన ప్రతి మాటా 1977లో నాగాయలంకలో అనేవాళ్ళని కాదు. ఆ మాటని ఇప్పుడు ఎవరైనా వాడుతున్నారా అని యూట్యూబులో వెతికి నిర్ధారించుకుంటాను.

చేతిపనుల మాటలకి మాండలిక వృత్తి పదకోశాలున్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయం మీద మొదటి సంపుటం 1962లో వచ్చింది, తర్వాత చేనేత వగైరా. నాగలిలో ఏ ముక్కని ఏ జిల్లాలో ఏమంటారో బొమ్మలతో సహా ఉంటుంది. ఒక చిన్న హెచ్చరిక, ఇవి చూశాక ఒకే పేరాలో పదిహేను అరుదైన మాటలు పెట్టాలనిపిస్తుంది. మూడు చాలు.

తెలంగాణ కథైతే

1957 సంగతి చెప్పి అణాలన్నాను, హైదరాబాద్ రాజ్యంలో అది కూడా పూర్తిగా నిజం కాదు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా అన్న నాణెం వేరే, బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవాళ్ళు, ఆరు కల్దార్లకి ఏడు హాలీలు. 1945లో వరంగల్ నుంచి బెజవాడ వెళ్ళిన మనిషి డబ్బు మార్చుకోవాలి. ఆ మార్చుకునే సీను ఎంత బాగుంటుందో ఆలోచించండి. ఆఫీసు కాగితాల మీద తేదీలు ఫసలీ అన్న సంవత్సరాల లెక్కలో ఉంటాయి, దానికి 590 కలిపితే మనకి తెలిసిన సంవత్సరం దాదాపుగా వస్తుంది. కరణం, మునసబు కాదు, పట్వారీ, పటేల్. బిల్‌గ్రామీ వాళ్ళు నిజాం రాజ్యం మీద 1880ల్లో వేసిన వివరణ సంపుటాలు ఆర్కైవ్‌లో ఉన్నాయి. జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్, సాంస్కృతిక శాఖవాళ్ళ ఇండియన్ కల్చర్ పోర్టల్ కూడా తిరగండి, ఓపిక కావాలి.

పోలీసు, కోర్టు, పాము

క్రైమ్ రాసేవాళ్ళకి ఇండియన్ కానూన్ అన్న కోర్టు తీర్పుల సైటు ఒక్కటి చాలు. హత్య కేసు తీర్పులు తెరిచి సాక్షులు చెప్పిన భాగం చదవండి, గట్టు తగాదా గొడ్డలిదాకా ఎలా వెళ్ళిందో ఏ నవలా అంత సూటిగా చెప్పదు. అవి నిజం మనుషుల జీవితాలు కాబట్టి పేర్లు, ఊరు, సంబంధాలు అన్నీ మార్చేయండి, కథ ఎముక మాత్రమే ఉంచుకోండి. సెక్షన్ల విషయంలో జాగ్రత్త. 2024 జూలై 1 నుంచి జరిగే హత్యకి పాత ఐపీసీ (శిక్షాస్మృతి) 302 కాదు, భారతీయ న్యాయ సంహితలో 103. మోసానికి 420 కాదు, 318. కథలో ఎస్సై పాత అలవాటుకొద్దీ 420 అంటే పరవాలేదు, ఎఫ్‌ఐఆర్‌లో రాస్తే తప్పు. 1977 కథకి పాత నంబర్లే సరి.

వైద్యానికి మెడ్‌లైన్‌ప్లస్, పబ్‌మెడ్. పాము కాటు తీసుకోండి, మన కథల్లో కరిచిన వెంటనే నోట్లో నురగ. కట్లపాము కరిస్తే చాలాసార్లు నొప్పే తెలియదు, రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఇంట్లోవాళ్ళు తిన్నది పడలేదనుకుంటారు. ఆ "తిన్నది పడలేదనుకోవడం" ఎంత భయంకరమైన సీనో చూడండి, నురగ దానిముందు ఎంత.

మనుషుల గొంతు

యూట్యూబులో ఆ ప్రాంతంవాళ్ళ ఇంటర్వ్యూలు వెతకండి, ఉప్పెన వార్షికోత్సవానికి ప్రతి నవంబర్‌లో టీవీవాళ్ళు బతికి బయటపడినవాళ్ళతో మాట్లాడించినవి ఉంటాయి. వేగం తగ్గించి వినండి. వాళ్ళు చెప్పే సమాచారం కంటే వాక్యం ఎక్కడ ఆపుతున్నారు, ఏ మాట రెండుసార్లు అంటున్నారు అన్నది రాసుకోండి. ఊరి ఫేస్‌బుక్ గ్రూపుల్లో అడిగేటప్పుడు "అప్పట్లో ఎలా ఉండేదండీ" అని అడిగితే "చాలా బాగుండేది" అని వస్తుంది. "మీ ఇంట్లో ఉప్పు దేంట్లో పెట్టేవాళ్ళు" అని అడగండి, వంద జవాబులు వస్తాయి. పోయినవాళ్ళ గురించి మాత్రం వాళ్ళంతట వాళ్ళు చెబితేనే వినండి.

పేర్ల కోసం ఎన్నికల సంఘం సైటులో ఆ ప్రాంతపు ఓటర్ల జాబితాలు చూస్తే, డెబ్భై దాటినవాళ్ళ పేర్లు ఆ కాలపు పేర్లే. ఇంటిపేరు ఒకచోట నుంచి, పేరు ఇంకోచోట నుంచి తీసుకోండి, రెండూ ఒకే వరసలోంచి ఎత్తుకోకండి, ఆ మనిషి నిజంగా ఉన్నారు.

చాట్‌బాట్‌ని అడగొచ్చా అని ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. అడగండి, ఏ పుస్తకంలో వెతకాలో చెప్పమని అడగండి. జవాబే అడిగితే, లేని వంతెన కూడా తేదీతో సహా కట్టి ఇస్తుంది.

రాసిపెట్టుకోవడం

ఒక చిన్న పట్టిక చాలు: ఏం తెలిసింది, ఎక్కడ, ఎన్నో పేజీ, ఏ సీనుకి. సర్కారు సైట్ల లింకులు మారుతూ ఉంటాయి, కాబట్టి పీడీఎఫ్ దించుకోండి, మామూలు పేజీ అయితే వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేయండి. ఆర్కైవ్‌లో కనబడిందల్లా కాపీ కొట్టుకోవచ్చనుకోకండి, మన చట్టంలో రచయిత పోయాక అరవై ఏళ్ళదాకా హక్కు ఉంటుంది. వివరం ఎవరిదీ కాదు, వాక్యం మాత్రం వాళ్ళదే.

ఇక మన సీను దగ్గరికి వస్తే, నేను బ్రాకెట్లు తీసేశాక అది ఇలా మిగిలింది:

"ఐదింటికే చీకట్లు కమ్ముకున్నాయి. ఆమె బుడ్డి వెలిగించింది, గాలికి ఆరింది, మళ్ళీ వెలిగించలేదు. రేడియోలో తుఫాను అన్నారని మునసబుగారి పాలేరు వాకిట్లోంచే కేకేసి పోయాడు. పెనుమూడి రేవులో పడవలు కట్టేసి ఉంటారు, తమ్ముడు ఇవాళ్టికి రాడు. ఆమె అన్నం గిన్నె మీద మూత పెట్టింది."

సెన్సస్ పట్టికలు, మ్యాపులు, పంచాంగం, చర్చలు కలిపి మూడు వారాలు. పైన వాటిలో కనబడేది ఒక బుడ్డి, ఒక రేవు. కార్తీక నెలవంక ఇంకో సీనులోకి వెళ్ళింది, బంగారం ధర ఎక్కడా పట్టలేదు, ఆ పట్టికలోనే ఉంది.